పొగ పోయిన దిక్కు

సాంబమూర్తికి ఒక విద్య తెలుసు. బడిలో నేర్చుకున్నది కాదు, ఇటలీ నుంచి మోసుకొచ్చినది. డిసెంబరు పండగలన్నీ అయిపోయాక, జనవరి ఐదో తారీకు సాయంత్రం మంట వేసి, పొగ ఏ దిక్కుకు పోతోందో చూసి, రాబోయే ఏడాది సంగతి చెప్పేవాడు. సింగపూర్‌లో బూన్ లే అవతల, ఓడల యార్డు మనుషులుండే డార్మిటరీలో తెలుగువాళ్లు ఓ నలభై మంది దాకా ఉంటారు. ఉగాదికి పంచాంగం వినడానికి సెలవు దొరకని మనుషులు ఈ పొగ పంచాంగాన్ని మాత్రం తప్పనిచ్చేవారు కాదు. వెనకాల నవ్వుకునేవాళ్లు లేకపోలేదు. ఆ నవ్వినవాళ్లే ఆ సాయంత్రం అందరికంటే ముందొచ్చి నిలబడేవారు.

సాంబమూర్తిది సోంపేట దగ్గర సముద్రపొడ్డు పల్లె. తండ్రి వేటకు పోయేవాడు. కొడుకు మాత్రం విశాఖపట్నంలో వెల్డింగు నేర్చుకుని, ఏజెంటు మాట పట్టుకుని ఇటలీలో ఓడలు కట్టే ఊరికి పోయాడు. పోయిన రెండో ఏడు భార్య నూకాలమ్మ జ్వరంతో చనిపోయింది. అతనికి సెలవు మంజూరయ్యేసరికి ఊళ్లో పెద్దకర్మ కూడా అయిపోయింది. పిల్లల్లేరు. ఇక అతనికి నా అన్నవాళ్లు అప్ప కోటేశ్వరి, ఆవిడ ఒక్కగానొక్క కొడుకు తిరుమలేష్, అంతే.

ఆ దుఃఖంలోనే మొదటిసారి ఆ మంట చూశాడు. ఆ దేశంలో క్రిస్మస్ ఒక్కరోజుతో పోయే పండగ కాదు. డిసెంబరు మొదట్లో వీధుల్లో దీపాలు పెడితే జనవరి ఆరు దాకా తియ్యరు. ఆఖర్న చీపురు పట్టుకుని ఒక ముసలమ్మ వస్తుందట. పిల్లలకు మిఠాయిలిచ్చి, పండగలన్నిటినీ ఊడ్చుకుని పోతుందట. సాంబమూర్తి ఉండే వైపు పల్లెల్లో, ఆ ముందురోజు సాయంత్రం ఊరి చివర పొలంలో ఇల్లంత ఎత్తు కట్టెలు పేర్చేవారు. ఎండిపోయిన క్రిస్మస్ చెట్లు కూడా తెచ్చి పడేసేవారు. పైన గడ్డితో చేసిన ముసలమ్మ బొమ్మ. అది అంటుకోగానే వేడి ద్రాక్షసారా గ్లాసులు పట్టుకుని జనమంతా తలలెత్తి పొగ చూసేవారు. అతను అద్దెకుండే ఇంటి ముసలాయన పియెత్రో అక్కడి సామెత చెప్పాడు: పొగ పొద్దు పొడిచే వైపు పోతే సంచీ పట్టుకుని సంతకు పో, పొద్దు కుంకే వైపు పోతే సంచీ పట్టుకుని లోకమ్మీద పో.

చలికి పళ్లు కొట్టుకుంటూ నిలబడ్డ సాంబమూర్తికి మన భోగిమంట గుర్తొచ్చింది. గుర్తొచ్చి ఏడ్చాడు కూడా. ఆ ముసలాయన అతని భుజమ్మీద చెయ్యేసి ఇంకో గ్లాసు పోయించాడు. మూడో ఏడు పొగ పడమరకు పోయింది. ఆ ఎండాకాలంలోనే అతని కాంట్రాక్టరు దుకాణం కట్టేశాడు, సాంబమూర్తి సంచీ పట్టుకున్నాడు. నమ్మకం కుదరడానికి మనిషికి ఎన్నో సాక్ష్యాలక్కర్లేదు, ఒక్కటి సమయానికి తగిలితే చాలు.

అట్నుంచి సింగపూర్. ఇక్కడి యార్డులో కొన్నేళ్లు వెల్డింగు చేశాక కళ్లు చెడ్డాయి. ఆర్క్ వెలుగు చూసీ చూసీ రాత్రిళ్లు కళ్లలో ఇసుక పోసినట్టుండేది. దాంతో అతన్ని ఫైర్ వాచ్‌లో వేశారు. వెల్డరు పని చేస్తున్నంతసేపూ పక్కన మంటలార్పే సిలిండరు పెట్టుకుని నిలబడాలి. నిప్పురవ్వ ఎక్కడ పడుతోందో, గాలి దాన్ని ఎటు తీసుకుపోతోందో చూడాలి. వెల్డరు పని ముగించి టీ తాగడానికి పోయినా ఇతను పోకూడదు, ఇనుము చల్లారేదాకా కాపలా ఉండాలి. ఊరికే నిలబడటానికి జీతమేమిటని కుర్ర వెల్డర్లు ఎకసెక్కాలాడేవారు. సాంబమూర్తి పట్టించుకునేవాడు కాదు. గాలి, నిప్పు, పొగ ఈ మూడూ అతనికి వేళ్లమీది లెక్క.

సింగపూర్‌లో అతనికి నచ్చనిది ఒకటే. ఇక్కడ పండగని సాగనంపరు, ఊడబీకుతారు. బూన్ లే మాల్‌లో డిసెంబరంతా నిలబడ్డ చెట్టుని జనవరి రాగానే ముక్కలుగా విప్పి డబ్బాల్లో పెట్టేసి, మర్నాటికల్లా చైనా కొత్త సంవత్సరం ఎర్ర లాంతర్లు వేలాడదీసేవారు. వచ్చిన చుట్టాన్ని వాకిట్లోంచి తోసేసినట్టుంటుందనేవాడు సాంబమూర్తి. డార్మిటరీ వెనక సందులో ఇనప సామాన్లు బాగుచేసే షెడ్డు ఒకటుంది. దాని యజమాని చైనీస్ ముసలాయన, పోయిన తన పెద్దలకు కాగితాలు కాల్చడానికి చిల్లులు పొడిచిన ఇనప డ్రమ్మొకటి పెట్టుకున్నాడు. సాంబమూర్తి వెళ్లి వచ్చీరాని ఇంగ్లీషులో అడిగాడు. ఇది కూడా పోయినవాళ్ల కోసమేనా అని ఆయన అడిగితే అవునన్నాడు. ఆయన "క్యాన్ లా" అని, సరే కానీమన్నట్టు చెయ్యూపి లోపలికి పోయాడు.

అలా మొదలైంది. క్రిస్మస్‌కి ఎవరో దయగలవాళ్లు డార్మిటరీకి వచ్చి బిస్కెట్లు, సబ్బులు, తువ్వాళ్లు పెట్టి పంచిన అట్టపెట్టెలే కట్టెలు. అరిగిపోయిన చీపురొకటి ముసలమ్మ. దానికి పాత లుంగీ పీలిక చుట్టేవారు. మనవాళ్లు సామెతను కూడా తమకు కావలసినట్టు మార్చుకున్నారు. ఇక్కణ్నుంచి చూస్తే మన దేశం పొద్దు కుంకే వైపు కాబట్టి, పొగ పడమరకు పోతే ఇంటికి పొమ్మని, తూర్పుకు పోతే ఉండమని అర్థం. పర్మిట్లు రెన్యూ చేసుకోవాలా వద్దా అని తేలనివాళ్లంతా ఆ పొగ కోసం కాచుకునేవారు.

మొదటి ఏడు పొగ నైరుతికి, ఇంచుమించు పడమరకే వంగింది. ఇంటికే పొమ్మంటోందన్నాడు సాంబమూర్తి. హరికృష్ణ అనే గ్రైండరు పనివాడు ఆ మాట పట్టుకుని రెన్యూవల్ వద్దని చెప్పేసి వెళ్లిపోయాడు. ఊళ్లో పని లేదు, ఆర్నెల్లు తిరక్కుండానే ఫోన్ చేసి అన్నా మళ్లీ ఏదైనా దారి చూడమని ఏడ్చాడు. దారి దొరకలేదు. సాంబమూర్తికి భయం పట్టుకుంది. వేటగాడి కొడుకు కాబట్టి అతనికి అప్పటికే ఇంకో సంగతి అర్థమైంది. జనవరిలో ఈ దీవి మీద గాలి ఈశాన్యం నుంచే వీస్తుంది. ఏ ఏడు మంట వేసినా పొగ పోయేది అటే. అంటే ఈ పొగ ఏటేటా అందర్నీ సంచీ సర్దుకోమనే అంటుంది.

తర్వాతి ఏడు అతను ముందుగా వెళ్లి డ్రమ్ముని షెడ్డు పక్కనున్న పెద్ద కంటెయినరు చాటుకి జరిపాడు. గాలి ఆ ఇనప గోడ దాటి పడి, కింద సుడి తిరిగి, వెనక్కి లాగుతుంది. పొగ గోడ వైపుకి, అంటే తూర్పుకి వంగుతుంది. ఇంకా పైకి పోయాక మళ్లీ గాలి దాన్ని పడమరకే లాక్కుపోయేది గానీ, అంత మెడలెత్తి చూసేదెవరు? ఉండమంటోందన్నాడు. అందరూ హమ్మయ్య అనుకున్నారు. పని ఉన్నవాడి పని చెడగొట్టకపోవడం పాపం కాదు కదా అని తనకు తాను చెప్పుకున్నాడు. ఆ తర్వాత ఏటా ఇదే వరస.

తిరుమలేష్ ఆ రోజుల్లోనే వచ్చాడు. తెప్పించింది మేనమామే, తన గదిలో పక్క మంచం ఇప్పించిందీ అతనే. మనిషి పొడుగరి, తక్కువ మాటలు. ఆదివారం వస్తే బూన్ లే మార్కెట్లో చేపలు తెచ్చి, చింతపండు పిసికి, వాళ్లమ్మ చేసినట్టే పులుసు పెట్టేవాడు. సాంబమూర్తికి రాత్రిళ్లు కళ్లు మండితే తడిగుడ్డ వేసేవాడు. ఏళ్ల తరబడి ఎవరెవరి గురకల మధ్యనో పడుకున్న సాంబమూర్తి, తెల్లారగానే "మావా, లెగు, లారీ వచ్చీసింది" అనే పిలుపు విని లేవడానికి అలవాటు పడ్డాడు. ఆ అలవాటు అతన్ని ఎంత బలహీనుణ్ని చేసిందో అతనికి తెలిసిరాలేదు.

ఒకసారి సెలవు మీద వెళ్లి వచ్చాక తిరుమలేష్‌కి కూతురు పుట్టింది. పాప పుట్టడమూ బోర్లాపడటమూ నడవటమూ అన్నీ ఫోన్లోనే చూశాడు. రెండేళ్లు నిండేసరికి అతనికి ఇక్కడ ముద్ద దిగడం మానేసింది. ఆ డిసెంబరులో కోటేశ్వరి తమ్ముడికి ఫోన్ చేసింది. వాణ్ని పంపించీమంది, పెళ్లాం అరుణ రోజూ ఏడుస్తోందంది, గుంట ఫోన్‌కి ముద్దులు పెట్టి దాన్నే నాన్న అనుకుంటోందంది. పర్మిట్ జనవరిలోనే రెన్యూ అవ్వాలి. పండగ సెలవులయ్యాక ఉండేదీ పోయేదీ చెప్పమని సూపర్‌వైజర్ అడిగాడు. తిరుమలేష్ మేనమామనే అడిగాడు, పోనా ఉండనా అని. సాంబమూర్తి సూటిగా చెప్పి ఉంటే సరిపోయేది. చెప్పలేక పొగ చూద్దాంరా అన్నాడు.

ఆ ఐదో తారీకు అతను పని దిగగానే ఒక్కడూ షెడ్డు దగ్గరికి పోయాడు. పోయేటప్పటికి మనసులో మోసం లేదు. డ్రమ్ముని తీసుకెళ్లి ఖాళీ జాగాలో, గాలికి ఎదురుగా పెట్టాడు. గాలి ఈశాన్యం నుంచి నిలకడగా వీస్తోంది. పొగ పడమరకు పోతుంది, తిరుమలేష్ ఇంటికి పోతాడు, పిల్లని ఎత్తుకుంటాడు. అంతవరకూ బాగానే ఉంది. ఆ తర్వాతి ఆదివారం కళ్లముందుకొచ్చింది. పక్క మంచమ్మీద పరుపు చుట్టేసి ఉంటుంది. నాలుగు రోజుల్లో ఎవరో కొత్తవాడు దాని మీద పెట్టె పెడతాడు. తెల్లారి లేపేవాడుండడు. యాభై దాటిన ఆ మనిషికి చీకట్లో తప్పిపోయిన పిల్లాడికి వేసినంత భయం వేసింది. ఒక్క ఏడు, ఇంకొక్క ఏడు ఉంటే తానూ వాడితో కలిసే వెళ్లిపోవచ్చు అనుకున్నాడు. డ్రమ్ముని మళ్లీ కంటెయినరు చాటుకి ఈడ్చుకొచ్చాడు.

అందరూ వచ్చారు. చీపురు ముసలమ్మ అంటుకుంది. పొగ గోడ వైపుకి, తూర్పుకి వాలింది. తిరుమలేష్ ఆ పొగని చూశాడు, తర్వాత మేనమామని చూశాడు. చాలాసేపు చూసినట్టనిపించింది సాంబమూర్తికి.

"అలగైతే ఇంకో యేడు ఉంటాను మావా," అన్నాడు తిరుమలేష్.

ఏప్రిల్లో పోయాడు. ఓడ అడుగున మూసి ఉంచిన ట్యాంకులో మర్చిపోయిన గొట్టం తెమ్మని ఎవరో తొందరపెట్టారు. లోపల గాలి పరీక్ష కాలేదు. ఇనుము తుప్పుపడుతూ ట్యాంకులో ఉన్న ప్రాణవాయువంతా తినేసిందని తర్వాత చెప్పారు. నిచ్చెన దిగినవాడు దిగినట్టే కూలిపోయాడు. సరిగ్గా ఆ ట్యాంకు పైనున్న డెక్కు మీదే సాంబమూర్తి సిలిండరు పక్కన పెట్టుకుని వెల్డరు రవ్వలు కాపలా కాస్తున్నాడు. నిప్పు లేదు, వాసన లేదు, కేక లేదు. పొగన్నా వచ్చి ఉంటే అతను చూసి ఉండేవాడు. ఏళ్లకేళ్లు పొగ చూడటమే పనిగా బతికినవాడి కాళ్ల కింద, పొగ రాకుండానే పిల్లాడు పోయాడు.

శవం వెంట అతను వెళ్లలేదు. కంపెనీ వేరే మనిషిని పంపింది. తనకు జ్వరమని చెప్పాడు, అది అబద్ధం కూడా కాదు. కర్మ అయ్యాక కోటేశ్వరి ఫోన్ చేసింది. తిట్టమని ప్రార్థించుకుంటూ చెవి దగ్గర పెట్టుకున్నాడు.

"నీ తప్పేటి ఉందిరా తమ్ముడా. ఆడు నాకు ముందే సెప్పాడు, పొగ ఉండమన్నాదమ్మా అని. దేవుడి మాటకి నువ్వేటి సేస్తావు," అంది ఆవిడ.

ఆ మాట గుండెలో మేకులా దిగింది. తిండి తింటున్నా అదే, రవ్వలు చూస్తున్నా అదే. ఆవిడ ఆ పొగని దేవుడి మాట అనుకుంటోంది. కాదని, కంటెయినరు చాటు గాలని, డ్రమ్ము జరిపింది తన చేతులేనని చెప్పాలి. ఫోన్లో చెప్పే మాట కాదు. డిసెంబరు రాగానే పని వదిలేస్తున్నానని రాసిచ్చేశాడు. జనవరి ఆరో తారీకు విమానం. అప్ప కాళ్ల దగ్గర కూర్చుని ఏమనాలో మాటలు కూడా కూర్చుకున్నాడు: అప్పా, పొగ అబద్ధం, పొగతో నేనే అబద్ధమాడించాను. ఆ ఒక్క మాటనే నెలల తరబడి లోపల అరగదీశాడు.

వెళ్లే ముందు ఆ మాట ఇక్కడివాళ్లకు కూడా చెప్పాలనుకున్నాడు. ఐదో తారీకు సాయంత్రం సంచీ సర్దేసి, దాన్ని భుజాన వేసుకునే షెడ్డు దగ్గరికి పోయాడు. ఈసారి ఆలస్యమైంది. మనుషులు అప్పటికే చేరి, అట్టపెట్టెలు చింపి, చీపురుకి గుడ్డ చుట్టి, డ్రమ్ముని అలవాటు ప్రకారం కంటెయినరు చాటునే పెట్టి ఉన్నారు. అతను సంచీ కింద పడేసి, ఎవరితోనూ మాట్లాడకుండా డ్రమ్ముని పట్టుకుని ఖాళీ జాగాలోకి ఈడ్చాడు. సిమెంటు నేల మీద అది కీచుమంది. అక్కడ మంట పెట్టాడు. పొగ లేచింది, గాలికి దొరికింది, నైరుతికి వాలి చెట్ల మీదుగా యార్డు వైపు పోయింది.

"ఇదీ అసలు దిక్కు," అన్నాడు సాంబమూర్తి. "ప్రతి ఏడూ ఇదే. మీకు తూర్పు చూపించడానికి ఆ గోడ సాటుకి జరిపేవోణ్ని. పోయినేడు కూడా జరిపాను. ఆడు నా వల్ల ఉండిపోయాడు."

తిడతారనుకున్నాడు. మీద పడి కొట్టినా బాగుండుననుకున్నాడు. జనం తలలు దించుకున్నారు. వాళ్ల ముఖాల్లో కోపంగానీ ఆశ్చర్యంగానీ లేవు. ఆ ఆశ్చర్యం లేకపోవడమే అతనికి మొదట అర్థం కాలేదు.

వాళ్లలోంచి బాలు ముందుకొచ్చాడు. బాలుది పలాస వైపు, సాంబమూర్తి వాళ్ల గదిలోనే ఇంకో మంచం. అతను సాంబమూర్తి మోచెయ్యి పట్టుకుని కొంచెం అవతలికి తీసుకుపోయాడు. మాకు తెలుసన్నా అన్నాడు. ఎప్పట్నుంచో తెలుసన్నాడు. ఓడల మీద పని చేసేవాళ్లం, ఇనప గోడ చాటున గాలి ఎలా తిరుగుతుందో మాకు తెలీదా అన్నాడు. ఇంటికి పొమ్మంటే పోయేవాళ్లెవరున్నారిక్కడ, ఉండక తప్పనివాళ్లకి ఉండమనే మాటొకటి కావాలి, అది నువ్వు చెప్పేవాడివి, అంతే అన్నాడు.

తిరుమలేష్‌కి తెలీదుగా అన్నాడు సాంబమూర్తి. అడిగినట్టు కాదు, బతిమాలినట్టు అన్నాడు.

బాలు జవాబు చెప్పకుండా ఉండి ఉంటే బాగుండేదని ఈ కథ చెప్పేవాడికీ అనిపిస్తుంది. కానీ రేపు విమానమెక్కే మనిషి ఎదురుగా నిలబడి అడుగుతున్నాడు.

"పోయినేడు ఆ వేళ ఆడూ నేనూ షెడ్డు ఎదర టీ కొట్టుకాడ ఉన్నాం అన్నా," అన్నాడు బాలు. "నువ్వు డ్రమ్ము మొదట బైట పెట్టడం, మల్లీ సాటుకి ఈడవడం, రెండూ సూసినాం. ఆడు నవ్వినాడు. మావకి ఒక్కడూ అయిపోతానని బయం, నోటితో ఉండరా అని అడగలేక డ్రమ్ము జరుపుతన్నాడు, ఒక్క యేడే కదా ఉంటాన్లే అన్నాడు. నీకు సెప్పొద్దని నా సేత ఒట్టేయించుకున్నాడు."

అవతల డ్రమ్ము దగ్గర నలుగురు ఒక చెక్క తెచ్చి, వేడి తగలకుండా దాంతో నెట్టుకుంటూ డ్రమ్ముని మళ్లీ కంటెయినరు చాటుకి చేర్చారు. ఆ నెలలో పర్మిట్లు రెన్యూ కావలసినవాళ్లు వాళ్లలో చాలామందే ఉన్నారు. పొగ కాసేపు తికమకపడి, గోడ వైపుకి వాలింది. తూర్పే, తూర్పే అన్నారెవరో నెమ్మదిగా. షెడ్డు ముసలాయన తలుపు దగ్గర నిలబడి చూసి, తన పని తాను చూసుకోవడానికి లోపలికి పోయాడు.

సాంబమూర్తి సంచీ తీసుకున్నాడు. ఆ సంచీలో అరుణకి చీర, పిల్లకి గౌను, తిరుమలేష్ చేపల కత్తి ఉన్నాయి. బస్టాపు దాకా బాలు తోడొచ్చాడు. అప్పకి ఏం చెప్తావన్నా అని అడిగాడు. సాంబమూర్తి కూర్చిపెట్టుకున్న ఆ ఒక్క మాటా వెతుక్కున్నాడు. పొగ అబద్ధం, పొగతో నేనే అబద్ధమాడించాను. కానీ ఆ అబద్ధాన్ని పిల్లాడు నమ్మనే లేదు. పొగ చూసి ఉండిపోలేదు వాడు, మావని చూసి ఉండిపోయాడు. ఉండరా అని నోరు తెరిచి అడిగి ఉంటే, కూతురు గుర్తొచ్చి కాదనేవాడేమో. పోరా అని ఉంటే తప్పకుండా పోయేవాడు. ఏదీ అనకుండా నిలబడిన మేనమామని వదిలి వెళ్లడానికే వాడికి కాళ్లు రాలేదు.

ఇక ఇప్పుడు అప్పకి చెప్పవలసింది అదీ. నీ కొడుకు దేవుడి మాటకీ ఉండలేదు, నా మోసానికీ ఉండలేదు, నా మీద జాలిపడి ఉన్నాడు.

బస్సు వచ్చింది. సాంబమూర్తి ఎక్కి, వెనక సీట్లో కూర్చుని, సంచీ ఒళ్లో పెట్టుకున్నాడు.